ఊరిదాకా వచ్చిన తీగ ఇంటి ఆడపిల్లదాకా రావాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

జహీరాబాద్ ఉపాధ్యాయుల తరఫున నాలుగు మాటలు చెప్పుకుంటాం.

కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1న, మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. టీవీ ఉన్న ఇంట్లో పిల్లలు విన్నారు. అర్థంకానిది అడగాలంటే మాత్రం ఫోన్ కావాలి. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోన్ తండ్రితో పనికి వెళ్లేది. సాయంత్రం ముందు అన్న చేతికి, మిగిలితే చెల్లి చేతికి వచ్చేది. బడులు తెరిచినా ఆ వరుస మారలేదు. ఇప్పుడు స్కాలర్‌షిప్ దరఖాస్తు కూడా ఆన్‌లైనే. ఓటీపీ తండ్రి ఫోన్‌కు వస్తుంది, అమ్మాయి మీసేవ బయట నిలబడి ఉంటుంది. గడువు దాటితే ఆ ఏడాది డబ్బు పోయినట్టే.

తీగ రాలేదా అంటే, వస్తోంది. పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011లోనే ఆమోదం తెలిపింది. అదే నేటి భారత్‌నెట్. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ పైపుల వెంటే టీ-ఫైబర్ కేబుల్ వేశారు. 2024 డిసెంబర్‌లో మన జిల్లా సంగుపేటతో పాటు కొన్ని గ్రామాల్లో ప్రయోగాత్మకంగా సేవలు మొదలయ్యాయి. సంతోషమే. కానీ నల్లా నీళ్లు ఇంటిల్లిపాదీ తాగుతారు. నెట్ అలా కాదు, ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వారిదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 57.4 శాతం, స్త్రీలు 26.5 శాతమే.

ఆడపిల్లకు ఫోన్ ఇవ్వాలంటే తల్లిదండ్రులకు భయం. మేమూ ఆడపిల్లల్ని కన్నవాళ్లమే. అయితే కేరళలో ఫహీమా షిరీన్ అనే విద్యార్థిని హాస్టల్‌లో ఫోన్‌పై పెట్టిన ఆంక్షల మీద కోర్టుకు వెళితే, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని 2019లో అక్కడి హైకోర్టు తీర్పు చెప్పింది. భయాన్ని గౌరవిస్తూనే హక్కును నిలబెట్టే చోటు ఒకటి కావాలి.

అందుకే మా విన్నపం. సొసైటీ హాలులో ఒక బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్, నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటర్ పెట్టండి. అసర్ నుంచి మగ్రిబ్ దాకా ఆ గది ఆడపిల్లలకే ఉండాలి. చూసుకోవడానికి చదువుకున్న ఆడబిడ్డనే నియమించాలి. కంప్యూటర్ కొనిచ్చే దాత దొరుకుతారు, నెలనెలా బిల్లు కట్టే దాత దొరకడం కష్టం. కనుక ఏడాది బిల్లుకు ముందే నిధి తీసిపెట్టండి. స్కాలర్‌షిప్ గడువు రోజుల్లో మేము వంతులవారీగా వచ్చి దరఖాస్తులు నింపిస్తాం.

మనకు యంత్రాలు చేతకావని అనుకోవద్దు. మన పక్కనే మాచ్‌నూర్‌లో పల్లె మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడిపి చూపించారు. వారు చేయగలిగింది మన ఆడపిల్లలూ చేయగలరు. తలుపు తెరవడమే మన వంతు.