మానని మచ్చలు: చర్మ లింఫోమాను గుర్తించడం ఎలా?



మహదేవపూర్‌లో ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ డాక్టరుగారు రోగి ఒళ్లంతా చూడందే చర్మానికి మందు రాసేవారు కారు. ఆయనకు నివాళిగా, అలా చూస్తే తప్ప దొరకని జబ్బు గురించే ఈరోజు మాట్లాడతాను.

చర్మ లింఫోమా అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లు చర్మంలో చేరి అదుపు లేకుండా పెరగడం. అరుదైన జబ్బు. అందులో ఎక్కువగా కనిపించేది మైకోసిస్ ఫంగాయిడిస్. 1806లో పారిస్ డాక్టరు ఆలిబెర్ దీన్ని మొదట వర్ణించినప్పుడు ఆయన చూసింది ముదిరిపోయిన గడ్డలను. మన దగ్గరికి వచ్చే మనిషికి గడ్డలు ఉండవు. పల్చటి మచ్చలు, కాస్త పొట్టు, దురద, అంతే. అవి తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంటాయి. పెద్ద పెద్ద ఆసుపత్రులున్న దేశాల్లో కూడా మొదటి మచ్చ పడ్డాక జబ్బు పేరు తేలడానికి మామూలుగా మూడేళ్లో, అంతకంటే ఎక్కువో పడుతోంది.

గోదావరి ఒడ్డున ఉన్న మన ఊళ్లలో ఆలస్యానికి ఇంకో కారణం కూడా ఉంది. వాన, ఉక్క, చెమట కలిసి తామర ఇంటింటా ఉంటుంది. మచ్చ పడగానే మెడికల్ షాపుకు పోయి ట్యూబు తెచ్చుకుంటారు. అందులో స్టెరాయిడ్ ఉంటే వారంలో దురద పోతుంది, మచ్చ వాడిపోతుంది. మానేస్తే మళ్లీ మొదలు. స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. అయినా అవి ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. ఆ పూత లింఫోసైట్లను కొన్నాళ్లు అణిచిపెడుతుంది కాబట్టి లింఫోమా కూడా కొన్నాళ్లు మరుగున పడుతుంది.

ఆశా అక్కలకు ఒక మాట. కుష్ఠు సర్వేలో మీరు వెలిసిన మచ్చలు వెతుకుతారు, స్పర్శ చూస్తారు. స్పర్శ ఉంటే కుష్ఠు కాదేమో అని ముందుకు పోతారు. మనలాంటి చామనఛాయ ఒంటి మీద ఈ లింఫోమా తరచుగా తెల్లబారిన మచ్చలుగానే వస్తుంది. పిల్లల్లోనూ, చిన్న వయసు వాళ్లలోనూ ఈ రూపం ఎక్కువ. శోభి అనో, బొల్లి మొదలవుతోందనో అనుకుంటారు. స్పర్శ బాగానే ఉండి, మందు వాడినా ఆరు నెలలుగా మానని మచ్చలున్న వాళ్ల పేర్లు విడిగా రాసుకోండి. ఇంట్లో అందరికీ దురద ఉంటే గజ్జి కావచ్చు. ఒక్కరికే ఏళ్లుగా ఉంటే ఆ పేరు కింద గీత పెట్టండి.

ఇప్పుడు రోగిని చూడటం గురించి. కిటికీ పక్కన, పగటి వెలుతురులో నిలబెట్టండి. ఆడవాళ్లయితే ఏఎన్ఎం తోడు ఉండాలి. ముఖం, ముంజేతులు చూసి వదిలేయకండి. ఎండ తగలని చోట్లు, అంటే నడుము, పిరుదులు, తొడల లోపలి వైపు, రొమ్ముల కింద చూడాలి. ఒక్కో మచ్చ ఒక్కో సైజులో, ఒక్కో ఆకారంలో ఉంటుంది. మచ్చ అంచును రెండు వేళ్లతో మెల్లగా దగ్గరకు నొక్కితే పైచర్మం ఉల్లిపొరలా సన్నగా ముడత పడుతుంది. ఎర్రదనం కోసం వెతక్కండి. మన ఒంటి మీద ఎరుపు ఊదాగానో, ముదురు గోధుమగానో కనిపిస్తుంది.

ఈ చూపుకు ఎంత విలువ ఉందో చెబుతాను. తొలిదశ జబ్బును తేల్చడానికి అంతర్జాతీయ నిపుణులు 2005లో పాయింట్ల పద్ధతి ఒకటి పెట్టారు. నాలుగు పాయింట్లు వస్తే జబ్బు ఉన్నట్టే. కంటితో చూసిన లక్షణాలకు రెండు, మైక్రోస్కోపు కింద చర్మపు ముక్కకు రెండు, కణాల గుర్తుల పరీక్షకు ఒకటి, జన్యు పరీక్షకు ఒకటి. ఖరీదైన పరీక్షలు అందని చోట కూడా మొదటి రెండింటితోనే నాలుగు పూర్తవుతాయి. అందులో సగం మహదేవపూర్ ఆసుపత్రి గదిలోనే తేలుతుంది.

మిగతా సగం ముక్క పరీక్ష. పూత మందు రెండు నుంచి నాలుగు వారాలు ఆపించాకే ముక్క తీయాలి. ఈలోగా కొబ్బరినూనె రాసుకోవచ్చు. కనీసం రెండు వేర్వేరు మచ్చల నుంచి తీయాలి. లింఫోసైట్లు పైచర్మం అడుగు వరసలో ఒక్కొక్కటిగా, చుట్టూ తెల్లటి ఖాళీతో బారులు తీరి ఉంటే పెథాలజిస్టుకు అనుమానం వస్తుంది. కానీ తొలిదశలో ఆ వరస పలచగా ఉంటుంది. రిపోర్టులో ‘చర్మశోథ’ అని వస్తే కథ ముగిసిందని ఫైలు మూసేయకూడదు. మచ్చలు ఉన్నంతకాలం కొన్ని నెలలకోసారి మళ్లీ చూడాలి, అవసరమైతే మళ్లీ ముక్క తీయాలి. పరీక్షకు పంపే చీటీలో ‘దద్దుర్లు’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే పెథాలజిస్టు చేతులు కట్టేసినట్టే. ఎన్నేళ్లుగా ఉన్నాయి, ఎక్కడెక్కడ, ఏ మందులు వాడారు, అన్నీ రాయాలి. మూర్ఛ మందుల గురించి తప్పక అడగాలి. వాటిలో కొన్ని అచ్చం లింఫోమాలాంటి చర్మాన్నే చూపిస్తాయి.

ఒళ్లంతా ఎర్రగానో, ఊదాగానో మారి పొట్టు రాలుతూ, అరచేతులు పగిలి, గజ్జల్లో బిళ్లలు కట్టి, దురదతో రాత్రంతా నిద్రలేని మనిషి వస్తే ఆగకండి. సోరియాసిస్ కావచ్చు, మందు పడకపోవడం కావచ్చు, 1938లో సెజరీ అనే డాక్టరు వర్ణించిన, ఈ లింఫోమా రక్తంలోకి పాకిన రూపమూ కావచ్చు. రక్తపరీక్ష ఉన్న పెద్దాసుపత్రికి, వరంగల్ ఎంజీఎంకో హైదరాబాద్‌కో, వెంటనే పంపాలి.

క్యాన్సర్ అన్న మాట వినగానే ఇంటిల్లిపాదీ కుదేలవుతుంది. పల్చటి మచ్చలుగా, ఒంటిలో పదో వంతుకు లోపే ఉన్నప్పుడు దొరికితే ఆయుష్షు దాదాపు మామూలు మనిషిదే. అది మొదటి రోజే చెప్పాలి. వైద్యం కూడా మనకు కొత్త కాదు. బావంచాల గింజల్లో ఉండే సోరాలెన్‌ను, అతినీలలోహిత కాంతిని కలిపి 1970ల నుంచి ఈ జబ్బుకు వాడుతున్నారు. ఇప్పుడు మందు లేకుండా కాంతి ఒక్కటే ఇచ్చే పద్ధతీ ఉంది. వెలిసిన మచ్చలకు దానితో రంగు తిరిగి వస్తుంది. ముదిరిన వాళ్లలో కొందరికి మెథోట్రెక్సేట్ ఇస్తారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారుచేసిన మందుల కుటుంబానికి చెందినది అది.

చిక్కంతా దూరంతోనే. కాంతి చికిత్స వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి తీసుకోవాలి. దసలి పట్టు నేసే మనిషికో, సిరొంచ నుంచి వంతెన దాటి వచ్చే కూలీకో ప్రతిసారీ వరంగల్ పోవడమంటే ఆ రోజు కూలీ పోయినట్టే. పది సిట్టింగులకే మానేస్తారు. 2023లో భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ కాంతి చికిత్స యంత్రం వారమంతా నడవాలని, రోగికి బస్సు చార్జీలు ఇవ్వాలని ఈ సభ తరఫున జిల్లా కలెక్టరుకు వినతిపత్రం రాశాను. దాని మీద మీ అందరి సంతకాలు కావాలి.