ఉత్తర కెనడా చిత్తడి నేలలు – ఉపగ్రహం – అజమాయిషీ

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడటానికి నాకంటె సమర్థులు ఈ సభలో చాలామంది ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "మీరు కెనడాలో ఆరు నెలలుండి వచ్చారు కదా, అక్కడి విశేషాలు చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం ఫొటోలు మీ పిల్లలు కూడా పంపే ఉంటారు. అందుచేత నేను చూడని చోటు గురించి చెబుతాను. చూడని చోటు గురించి ఇంత ధైర్యమేమిటంటారా? సర్వీసంతా మనం ఫైళ్లు నడిపింది అలాగే కదా!

మా అమ్మాయి ఉండేది ఒంటారియో దక్షిణ భాగంలో. ఆ ఊరి లైబ్రరీ గోడకు ఒంటారియో పటం ఉంది. కింది భాగమంతా ఊళ్లు, రోడ్లు. పై భాగం, హడ్సన్ బే, జేమ్స్ బే అనే సముద్రపు పాయల అంచున, దాదాపు ఒకే రంగు. రోడ్డు గీత లేదు. "ఇదేమిటమ్మా, ఖాళీగా ఉంది?" అని అడిగితే లైబ్రేరియన్‌గారు నవ్వి రెండు లావుపాటి పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టారు. చలికాలం, బయటికి వెళ్లే పని లేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

అది హడ్సన్ బే లోతట్టు నేల. విస్తీర్ణం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. మన 23 జిల్లాల ఉమ్మడి రాష్ట్రం 2 లక్షల 75 వేలు, అంతకంటె పెద్దది. దాదాపు అంతా చిత్తడి. మన రెవెన్యూ భాషలో వెట్ అంటే మాగాణి, శిస్తు వేసే భూమి. ఇది అది కాదు. వేల ఏళ్ల క్రిందట అక్కడ బ్రహ్మాండమైన మంచుదుప్పటి ఉండేది. అది కరిగాక సముద్రం ముంచెత్తింది. ఆ తరువాత, మంచు బరువు తగ్గినందువల్ల నేల మెల్లగా పైకి లేస్తూ వచ్చింది. ఇప్పటికీ తీరాన నూరేళ్లకు సుమారు ఒక మీటరు చొప్పున లేస్తూనే ఉంది. అడుగున సముద్రపు బంకమట్టి. పైన వాలు లేని చదును. నీరు దిగదు, పారదు. చలికి నాచు, ఆకు కుళ్లీ కుళ్లక పొరలు పొరలుగా పేరుకుంటుంది. దానిని పీట్ అంటారు. చాలాచోట్ల రెండు మూడు మీటర్ల మందం. ఆ పొరలో దాగిన కర్బనం సుమారు 3 వేల కోట్ల టన్నులని శాస్త్రజ్ఞుల అంచనా. నేల ఎండిందంటే అది గాలిలో కలుస్తుంది.

ఇంత నేలను కొలవడమెలా? మన సర్వేయరు గొలుసు పట్టుకుని దిగితే మొదటి లింకుకే నడుముదాకా కూరుకుపోతాడు. అక్కడి క్రీ జాతివారి ఊళ్లు చాలావాటికి విమానంలోనే పోవాలి; చలికాలంలో మాత్రం మంచు గడ్డకట్టిన దారుల మీద లారీలు నడుస్తాయి. అందుచేత ఉపగ్రహం వచ్చింది. 1972 జులైలో అమెరికావారు పంపిన మొదటి ల్యాండ్‌శాట్‌కు నేల మీద ఎకరంన్నర ఒక్క చుక్క. 1980లలో వచ్చిన వాటికి ముప్పై మీటర్ల చదరం, అంటే మన లెక్కన 22 సెంట్లు. 2015 నుంచి యూరపువారి సెంటినెల్-2కు రెండున్నర సెంట్లు. సెంటున్నర స్థలం కోసం కోర్టుకెక్కిన వాళ్లం మనం. అంత దూరం నుంచి రెండున్నర సెంట్లు చూడటం తక్కువేమీ కాదు. అక్కడ వేసవి కొద్ది వారాలే, అందులోనూ మబ్బులు. కనుక మబ్బును, చీకటిని లెక్కచేయని రాడారు ఉపగ్రహాన్ని, రాడార్‌శాట్‌ను, కెనడావారు 1995లో పంపించారు.

అయితే ఉపగ్రహం రంగు చూస్తుందే తప్ప పేరు చెప్పదు. కెనడావారు చిత్తడిని ఐదు తరగతులు చేశారు. అందులో రెండింటితోనే పెద్ద చిక్కు: బాగ్, ఫెన్. బాగ్‌కు వాన నీరే ఆధారం. పులుపు నీరు, మెత్తని నాచు. ఫెన్‌కు భూమిలో నుంచి ఊరి, మెల్లగా కదిలే నీరు. తుంగజాతి గడ్డి ఎక్కువ. పై నుంచి రెండూ ఒకే ఆకుపచ్చగా కనబడి మోసం చేస్తాయి. ఫెన్‌లలో ఎక్కువగా పెరిగే టామరాక్ చెట్టు శరత్కాలంలో పసుపు తిరిగి ఆకు రాలుస్తుంది. పక్కనున్న నల్ల స్ప్రూస్ రాల్చదు. అందుచేత రెండు ఋతువుల చిత్రాలు పక్కపక్కన పెట్టి పోలుస్తారు. అయినా అనుమానం తీరదు.

అప్పుడు మనిషి దిగాలి. హెలికాప్టరులో వెళ్లి, దోమలకు, నల్ల ఈగలకు ఒళ్లప్పగించి, మోకాలిలోతు నీళ్లలో నిలబడతారు. ఇనుప కడ్డీ దించి బంకమట్టి తగిలేదాకా పీట్ లోతు చూస్తారు. నీటి పులుపు కొలుస్తారు. మొక్కల పేర్లు రాసుకుంటారు. ఇలా చూసిన చోట్లలో కొన్నింటితో కంప్యూటరుకు రంగుల అర్థం నేర్పుతారు. కొన్నింటిని దానికి చూపకుండా దాచిపెట్టి, పటం తయారయ్యాక దాంతో సరిచూస్తారు. ట్రెజరీ లెక్కకు మన క్యాష్ బుక్కు రీకన్సిలియేషన్ చేసినట్లే. హెలికాప్టరు దిగగల చోట్లే ఎక్కువ చూస్తారు కాబట్టి దిగలేని చోట్ల పటం బలహీనమని వారే ఒప్పుకుంటారు. ఈ నిజాయితీ నాకు నచ్చింది. నేల మీది ఈ తనిఖీకి మన పాత మాట ఒకటుంది: అజమాయిషీ. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ అడిగినప్పుడు విసుక్కుంటాం గాని, మన మీద జరిగేదీ అజమాయిషీయే!

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 1976లో ఒక తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాను. పేర్లు వద్దు. ఇళ్ల స్థలాల ఫైలు వచ్చింది. రిజిస్టరులో ఆ సర్వే నంబరు "బంజరు" అని ఉంది. "స్థల పరిశీలన చేయబడినది, అభ్యంతరము లేదు" అన్న వాక్యాన్ని పాత ఫైలులోంచి ఎత్తి నోటు పెట్టాను. పరిశీలన ఎవరూ చేయలేదు. సంతకాలయ్యాయి. పంతొమ్మిది కుటుంబాలకు పట్టాలిచ్చారు. మరుసటి వర్షాకాలం గుడిసెల్లో మోకాటి లోతు నీళ్లు. నేను మొదటిసారి ఆ స్థలానికి వెళ్లింది అప్పుడే. ఒక ముసలమ్మ సామాను నెత్తిన పెట్టుకుని నిలబడి, "తుంగ మొలిచే చోట ఇల్లెవరు కడతారు బాబూ? ఊళ్లో ఎవర్నడిగినా చెప్పేవాళ్లుగా!" అన్నది. నేను జవాబు చెప్పలేదు. ఫైలులో నా పేరు చివర చిన్న అక్షరాల్లో ఉంది గనక ఎవరూ నన్నేమీ అనలేదు.

లైబ్రరీలో ఫెన్ గురించి, తుంగ గురించి చదువుతుంటే ఆమె గుర్తుకొచ్చింది. ఇప్పుడు ఆ ఉత్తరపు నేలలోనూ అలాంటి ఫైలే నడుస్తున్నది. 2007 ప్రాంతంలో అక్కడ క్రోమైటు ఖనిజం బయటపడింది. రింగ్ ఆఫ్ ఫైర్ అని పేరు పెట్టారు. గనులు తవ్వాలంటే రోడ్లు కావాలి. ఫెన్‌కు అడ్డంగా రోడ్డు వేస్తే అది చెరువు కట్టలాగా పనిచేస్తుంది: ఒకవైపు నీరు నిలుస్తుంది, రెండోవైపు ఎండుతుంది. తూములు ఎక్కడ, ఎన్ని పెట్టాలో తెలియాలంటే నీరు ఎటు కదులుతున్నదో తెలియాలి. అందుకని అది బాగా, ఫెన్నా అన్న ఒక్క మాట మీద ఎంతో ఆధారపడి ఉంది. ఇక్కడ ఉన్నది క్రీ, అనిషినాబే జాతుల వారి వేట నేల. చిత్తడికి ఇంగ్లీషువారు వాడే మస్కెగ్ అన్న మాట క్రీ వంటి వారి భాషలదే. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో వారికి తెలుసు. పటం తయారుచేసేవారు ముందుగా వారినడగాలని ఆ పుస్తకాల్లో ఒకటి రాసింది. ఆ పేజీ జెరాక్సు తీయించుకుని తెచ్చాను. కావలసినవారు కార్యదర్శిగారి దగ్గర చూడవచ్చును.