పిట్టను మింగేది కాకా, పంజరమా?



చార్మినార్ పక్కనే మహబూబ్ చౌక్ ఉంది. జనం ముర్గీ చౌక్ అంటరు. పాతబస్తీకి వచ్చిన మీలో చాలామంది చూసే ఉంటరు. అక్కడ కోళ్లు, పావురాల మధ్య జీనువాయిలు, రామచిలుకలు పట్టుబడ్డ వార్తలు ఎన్నోసార్లు చదివాం. మన గడ్డిలో తిరిగే జీనువాయికి రంగు పూసి కొత్త జాతి అని అమ్మే మోసం కూడా ఈ వ్యాపారంలో ఉంది. దేశవాళీ పిట్టల్ని పట్టడం, అమ్మడం 1990-91లోనే నిషేధించారు. అయినా పంజరం ఖాళీ కాలేదు.

పాటపిట్టలు తగ్గుతున్నాయి అనగానే ఒక మాట వినిపిస్తది: కాకుల్ని, డేగల్ని, పిల్లుల్ని తగ్గించండి అని. అందులో నిజమే లేదని నేను అనను. న్యూజిలాండ్‌ను చూడండి. 2050 నాటికి ఎలుకలు, స్టోట్‌లు, పోసమ్‌లు లేకుండా చేస్తామని 2016లో ప్రకటించింది. అవి అక్కడికి మనుషులు తెచ్చిన జంతువులు. అక్కడి పిట్టలకు వాటి నుంచి తప్పించుకోవడం తెలియదు. మన దగ్గర అట్ల కాదు. డేగ, కాకి, జీనువాయి తరతరాలుగా ఒకే చెట్టు కింద బతికినయి. ఇంటి పిల్లి సంగతి వేరు. పెంచుకున్నోళ్లే దాన్ని చూసుకోవాలి.

'హాని చేసే జీవి' అనే ముద్ర ఎవరు వేస్తరో గమనించండి. బ్రిటిషోళ్లు పులికి, చిరుతకు, రేసుకుక్కకు తలకింత అని బహుమతి ఇచ్చి చంపించారు. 1972 వన్యప్రాణి చట్టం కాకిని ఎలుకతో కలిపి హానికర జాబితాలో పెట్టింది. ఆ జాబితా 2022 సవరణతో పోయింది. కానీ ఏదైనా జంతువును అట్ల ప్రకటించే అధికారం కేంద్రం చేతిలో ఇంకా ఉంది. 1871లో మనుషులకే 'నేరస్థ తెగలు' అని ముద్ర వేశారు. కాకి మీద పడ్డ ముద్రకూ, వేటాడి బతికిన మనోళ్ల మీద పడ్డ ముద్రకూ తేడా ఎంత?

అట్లని మన తప్పు దాచుకోవద్దు. అమ్మడానికి ఉచ్చు పెట్టేది మన పిల్లగాడైనా తప్పే. కానీ ఉచ్చు పెట్టినోడి వెనుక దళారీ ఉన్నడు, దళారీ వెనుక పంజరం కొనే బంగళా ఉంది. చట్టం ముందు కొన్నోడూ దోషే. మరి కేసు ముందుగా ఎవరి మీద పడుతుంది?

జీనువాయికి కావలసింది గడ్డి గింజ, గూడు కట్టుకోను ముళ్ల పొద. బీడు దున్ని, గడ్డి మందు కొట్టి, ఆ తర్వాత కాకిని నిందిస్తే పిట్ట తిరిగి రాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ వన్యప్రాణుల్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. దాన్ని వాడండి. వచ్చే గ్రామసభలో రెండు తీర్మానాలు పెట్టండి: మన ఊరి నుంచి పిట్ట బజారుకు పోదు; మన ఊరి గడ్డి, పొద పోదు. అడవికి కావలి మనమే అని మాటతో కాదు, తీర్మానంతో చెప్పుదాం.

జోహార్!