చిత్రకళాభ్యాసమునకు గ్రంథపఠన మావశ్యకము



మన పద్మశాలి కుటుంబముల బాలబాలికలు నేడు చిత్రలేఖనమును, వస్త్రములకు నమూనాలు వ్రాయు విద్యను నేర్చుటకై కళాశాలలకుఁ బోవుచున్నారు. మిక్కిలి సంతోషము. అయితే “బొమ్మలు వ్రాయఁబోవు పిల్లలకు చరిత్ర యేల? సాహిత్య మేల?” యని కొందఱు తలిదండ్రులు మమ్ము నడుగుచున్నారు. దీనికిఁ బ్రత్యుత్తరము మన యింటనే యున్నది.

చేర్యాల నకాషీలు మన కులమువారికై వ్రాయు మార్కండేయపురాణ పటమును మీరెఱుఁగుదురు. కూనపులివారు దానిని విప్పి కథఁ జెప్పుదురు. విష్ణుని నాభికమలపుఁ దంతువుతో భావనాఋషి వస్త్రము నేసిన కథ తెలియనివాఁడు ఏ ఘట్టము ముందో, ఏది వెనుకయో యెట్లు వ్రాయఁగలఁడు? చేతికి రంగు, మనసునకుఁ గథ, రెండును గావలెను.

గోదావరీతీరమున మఱియొక దృష్టాంతము గలదు. రాజమహేంద్రవర కళాశాలాధ్యక్షుఁడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర సాహిత్యముతోఁబాటు చిత్రకళాభిరుచిని యువకులకుఁ గల్పించెను. దామెర్ల రామారావు (1897–1925) ఆయన ప్రోత్సాహమును బొందెను. అడివి బాపిరాజు (1895–1952) ఆయన శిష్యుఁడై, చిత్రకారుఁడును నవలాకారుఁడును నయ్యెను.

ఉన్న నమూనాను అనుకరించుట సిరిసిల్లలోని యంత్రమునకును సాధ్యమే. ఏ యంచు ఏ శుభకార్యమునకో, ఏలనో యెఱిఁగినవాఁడే క్రొత్తదానిని గల్పించును. ఎఱుఁగనివాఁడు పరుల నమూనాలకుఁ గూలివాఁడగును. మన తాతలనాఁటి యీ కష్టము పిల్లలకు వలదు.

కావున దాతలారా! మీ రొసఁగు విద్యార్థివేతనమున రంగులకు, కుంచెలకుఁ దోడు గ్రంథములకును గొంత భాగము నుంచవలెనని ప్రార్థించుచున్నాము.

శుభమస్తు.