కరువు కూలి



మన కర్నూలు, కడప మండలములలో కరువు మాట క్రొత్తది కాదు. వాన తప్పిన ఏట జొన్నచేను ఎండును. ఎండినచో కూలిపని పోవును. కూలి పోయినచో అంగడిలో గింజలున్నను కొనుటకు చేతిలో కాసుండదు. ఆకలికి మూలము తరచుగా ఈ మూడవ మెట్టుననే యున్నది. ప్రభుత్వములు మాత్రము మొదటి మెట్టును చూచి ఆకాశమును నిందించుచు వచ్చినవి.

పెద్దలు ధాత కరువని చెప్పుకొనునది 1876లో మొదలై 1878 వరకు సాగెను. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో మహావైభవముతో దర్బారు జరిపి, విక్టోరియా రాణిని భారతదేశ చక్రవర్తినిగా చాటిరి. నాడు లోకమున ఇంగ్లండును మించిన సంపన్న రాజ్యము లేదు. ఆ జనవరిలోనే సర్ రిచర్డు టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి, కరువు పనులకు వచ్చిన మగవాని దినకూలిని అంతకు మున్నున్న దానికంటె తగ్గించి, ఒక పౌను ధాన్యపు వెల, పైన కొద్ది చిల్లరగా నిర్ణయించెను. పౌననగా నేటి లెక్కకు 450 గ్రాములు. పగలంతయు కంకర కొట్టువానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని మాసములకు కూలి పెరిగినది గాని, ఆలోగా పోయినవారు పోయిరి. 1881 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా జనసంఖ్య పదేండ్ల క్రిందటి దానికంటె దాదాపు నాలుగవవంతు తగ్గి కనబడినది.

ఖజానా కరుణ చూపుటయే యెరుగదని తలపవలదు. సుంకేసుల నుండి కడప వరకు కాలువ త్రవ్విన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ భాగస్వాములకు, లాభము వచ్చినను రాకున్నను, పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి ఐదు వంతున వడ్డీ ముట్టునట్లు ప్రభుత్వమే పూచీపడి యుండెను. ఆ కాలువను 1882లో ప్రభుత్వమే కొనవలసి వచ్చినది. వడ్డీకి దొరికిన పూచీ కూటికి దొరకలేదు.

ఇంతటి పిసినారితనమునకు ఒక సిద్ధాంతము కూడ కలదు. 1834లో ఇంగ్లండు తన బీదలకై చేసిన చట్టము ప్రకారము, సాయము కోరి అనాథ శ్రామిక గృహమున చేరినవాని స్థితి, బయట అధమాధమమైన కూలివాని స్థితికంటె హీనముగా నుండవలెను. లేనిచో సోమరులు చేరుదురని భయము. ఆ భయమే ఓడలెక్కి మన కరువుపనులలోనికి వచ్చినది. ఎముకల గూళ్లయి నడచివచ్చిన వారిలో సోమరులను వెదకిన ఆ శ్రద్ధ మెచ్చదగినదే!

1880నాటి కరువు కమిషను, ప్రజల ప్రాణము కాపాడుట ప్రభుత్వ ధర్మమని ఒప్పుకొన్నది. ఆపై కరువు నిబంధనావళి ఏర్పడెను: శక్తిగలవారికి పని, లేనివారికి ఉచిత భోజనము. అయితే కరువు వచ్చినదని తేల్చువాడు దొర, ఆకలిగొన్నవాడు కాడు. స్వరాజ్యము వచ్చిన పిదప 1952 నాటి రాయలసీమ కరువులో గంజికేంద్రములు వెలసినవి; సైనికులు వచ్చి బావులు త్రవ్విరి. గంజి ప్రాణము నిలిపినది. అయినను అది దయతో పోసిన గంజియే.

1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకము వచ్చినది. 2005లో పార్లమెంటు చేసిన ఉపాధి హామీ చట్టము మరియొక అడుగు వేసెను. ఆ చట్టము క్రింద గ్రామీణ కుటుంబము ఏటికి నూరుదినముల పనిని హక్కుగా అడుగగలిగెను. పదునైదు దినములలో పని చూపనిచో భృతి ఇయ్యవలసి యుండెను. 2006 ఫిబ్రవరి 2వ తేదీన పొరుగుననున్న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో దానిని ప్రారంభించిరి. కడప జిల్లా తొలివిడతలోను, కర్నూలు జిల్లా మరుసటి విడతలోను చేరినవి. మన రాష్ట్రమున మస్టరు పట్టీలను గ్రామసభలో బిగ్గరగా చదివి వినిపించు సామాజిక తనిఖీ ఆచారమైనది. చనిపోయినవాని పేర కూలి వ్రాసిన పట్టీ, వాని బంధువుల యెదుటనే చదువబడినచో ఏమగునో ఊహింపుడు. నిబంధనావళి నాడు కచేరీ బీరువాలలో ఇంగ్లీషున నిద్రించెను; పట్టీ నేడు రచ్చబండ మీద తెలుగున పలికినది.

అయినను కర్నూలు పడమటి పల్లెలు, కోసిగి, మంత్రాలయము వైపున, చలికాలమున తాళములు వేసికొని సుగ్గికి పోవుట మానలేదు. గుంటూరు మిరపచేలలో ఇంటిల్లిపాదియు కాయ కోయవచ్చును. మేస్త్రీ బయలుదేరకముందే అడ్వాన్సు చేతిలో పెట్టును. ఊరి చెరువుపనిలో త్రవ్విన మన్ను కొలిచి, లెక్క పైకి పోయి, కూలి బ్యాంకులో పడువరకు వారములు గడచును. అప్పు అన్నాళ్లు ఆగదు. పెద్దలతో పిల్లలును పోవుదురు. పుష్యమాసమున ఆ పల్లెల బడులలో హాజరుపట్టీ చూచినచో ఎవరి యిల్లు మూతబడినదో తెలియును.