ఓర్పూ, నాయకత్వమూ – నా విశ్వాసం నేర్పిన పాఠం

(మన్ననూర్‌లో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఓర్పుకు, నాయకత్వానికి క్రైస్తవ విశ్వాసం ఎలా తోడ్పడుతుందో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. నేను పాస్టరును కాను, పండితుణ్ణి అసలే కాను. ముప్పై నాలుగేళ్లు ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. మనలో రకరకాల దేవుళ్లకు మొక్కేవారున్నారు. ఎవరికీ మతం బోధించడానికి నేను నిలబడలేదు. నా విశ్వాసం నాకు నేర్పిన ఒక్క పాఠం, అదీ నా తప్పు వల్ల నేర్చుకున్న పాఠం, మీ ముందు ఉంచుతాను.

ముందుగా ఒక పెద్దాయన సంగతి. డోర్నకల్ జంక్షన్ పేరు మీ అందరికీ తెలిసినదే. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అక్కడ మొదటి బిషప్‌గా పనిచేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని, పరీక్షల వేళ జబ్బుపడి డిగ్రీ లేకుండానే బయటికి వచ్చారు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి గుడారంలో కాపురం పెట్టారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. ఇంగ్లండు చర్చికి చెందిన ఆంగ్లికన్ శాఖలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

తెల్లవారి పాలన నాటి మాట ఇది. ఒక భారతీయుడు అంత పదవిలో కూర్చోవడం కొందరు మిషనరీలకు నచ్చలేదు. కొందరు మన దేశపు క్రైస్తవులు కూడా అభ్యంతరం చెప్పారు. ఆయన వాదనలకు దిగకుండా ఎద్దుల బండి మీద పల్లెలు తిరిగారు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల పేదలే. వారిని తన దగ్గరికి రప్పించుకోకుండా తానే వారి దగ్గరికి వెళ్లారు. డోర్నకల్‌లో గుమ్మటాలు, మినార్లు, మన గుళ్లను తలపించే స్తంభాలు కలిపి కట్టిన పెద్ద చర్చి 1939లో గాని ప్రతిష్ఠకు నోచుకోలేదు. అప్పటికి ఆయన బిషప్ అయి ఇరవై ఆరేళ్లు దాటింది. వేర్వేరు శాఖలు ఒక్కటి కావాలని 1919 నుండి పాటుపడ్డారు. ఆ కృషి ఫలించి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. ఆయన 1945 జనవరి 1నే కన్నుమూశారు. బైబిలులో మోషే కూడా వాగ్దాన దేశాన్ని కొండ మీద నుండి చూశాడే గాని అందులో అడుగు పెట్టలేదు. ఫలం తన కంటపడకపోయినా ఈనాటి పని ఈనాడు చేయడమే ఓర్పు అని వీరి వల్ల తెలుస్తుంది.

ఇదంతా చదివి నేను కూడా ఆదివారాలు చర్చిలో అజరయ్య గారి ఓర్పు గురించి బాగానే మాట్లాడేవాణ్ణి. అదే రోజుల్లో నా బల్ల మీద ఒక ఫైలు కదలకుండా ఉండేది.

1986వ సంవత్సరం. అప్పుడు ఈ ప్రాంతంలోనే ఒక కార్యాలయంలో పనిచేస్తున్నాను. అడవిలోని ఒక పెంట నుండి చెంచు అవ్వ పింఛను కోసం దరఖాస్తు పెట్టుకున్నది. భర్త పోయాడు, పిల్లలు లేరు. వయసుకు రుజువు లేదని నేను ఫైలు పక్కన పెట్టాను. పెంటలో పుట్టిన మనిషికి పుట్టిన తేదీ కాగితం ఎక్కడిది? ఆ ఆలోచన నాకు రాలేదు. ఆమె సంత నాడల్లా నడిచి వచ్చేది. వేపచెట్టు కింద కూర్చుని, నేను కనబడగానే "సారూ, నా కాయితం కదిలిందా?" అనేది. "రేపు రా అవ్వా" అనేవాణ్ణి. ఇట్లా ఎనిమిది నెలలు. ఒక్కనాడూ తిట్టలేదు, మానలేదు.

ఒక ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు నాది. లూకా సువార్త 18వ అధ్యాయం. న్యాయం కోసం ఒక విధవరాలు పదే పదే వస్తుంది, న్యాయాధిపతి పట్టించుకోడు. ఎన్నోసార్లు చదివినదే. ఎప్పుడూ నన్ను నేను ఆ విధవరాలి పక్కనే ఊహించుకునేవాణ్ణి. ఆ రోజు సగంలో నా గొంతు పట్టేసింది. ఆ కథలో నాది న్యాయాధిపతి కుర్చీ!

మర్నాడు ఫైలు తీశాను. ఆ వారం ఆమె రాగానే వెంటబెట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లి వయసు ధృవపత్రం తీసుకుని, నోటు రాసి ఆఫీసరు ముందు పెట్టాను. రెండు వారాల్లో మంజూరయింది. ఎనిమిది నెలలు ఆగింది ఆ రెండు వారాల పనికే! ఆమె పింఛను అందుకున్నది పద్నాలుగు నెలలు మాత్రమే. తరువాత కాలం చేసింది. నా వల్ల పోయిన ఆ ఎనిమిది నెలలను ఏ ప్రార్థనతో తిరిగి ఇవ్వగలను? క్షమించమని ప్రభువును అడిగాను, ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ఆమె మొక్కేది లింగమయ్యకు. అయినా నా బైబిలును నాకు అర్థమయ్యేటట్లు చేసింది ఆమే.

సోదరులారా, కుర్చీలో ఉన్నవాడు ఎదుటివారికి ఓర్పు బోధించడం సులువు. తాను కష్టపడి ఎదుటివారి ఎదురుచూపును తగ్గించేవాడే నాయకుడు. అజరయ్య గారి బండి ప్రయాణాల అర్థం నాకు ఆ తరువాతే తెలిసింది.

ఇప్పుడు కౌంటరు ఇవతల మనం నిలబడ్డాం. జీవన ధృవీకరణకు పోతే అరిగిన వేళ్ల ముద్ర పడదు. మళ్లీ రమ్మంటారు. గత ఏడాది నేను కూడా విసిగి, సంఘం బాధ్యత నుండి తప్పుకుంటానని ఉత్తరం రాసి జేబులో పెట్టుకుని వచ్చాను. ఆ రోజే భర్త పోయిన ఒక సోదరి ఫ్యామిలీ పెన్షన్ కాగితాలతో మూడోసారి వచ్చింది. ఆమె ముఖంలో నాకు అవ్వ కనబడింది. ఉత్తరం జేబులోనే ఉండిపోయింది.

కావున నా మనవి ఒక్కటే. నడవలేని సభ్యుల ఇళ్లకు మనలో ఇద్దరిద్దరం వెళ్లి కాగితాలు చూద్దాం. పి.పి.ఓ.లో భార్య పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో మీరు బతికుండగానే సరిచూసుకోండి. ఇక్కడ ఉన్న పిల్లలు కూడా ఈ పనిలో సాయపడండి. మన వల్ల ఎవరూ రెండోసారి తిరగకుండా ఉంటే అదే చాలు.