ప్లగ్గు గుంతలో ఆయిల్ కనిపించిందా? ఇంజిన్ విప్పే ముందు ఇది చూడండి

చైతన్యపురి షెడ్ నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చాను. వెనకాల హారన్ల మోత వినిపిస్తే ఏమీ అనుకోకండి. సాయంత్రం పూట షూట్ చేస్తున్నాం, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు బండ్లన్నీ ఇప్పుడే కదులుతున్నాయి. కదులుతున్నాయి అనడం కూడా ఎక్కువేలెండి.

ఈరోజు విషయం స్పార్క్ ప్లగ్గుల చుట్టూ వచ్చే ఆయిల్ లీకు. దీని మీద వీడియో చేయమని చాలామంది అడిగారు, నేనే వాయిదా వేస్తూ వచ్చాను. పోయిన నెల ఒకాయన షెడ్‌కి వచ్చాడు. ఆయన సంగతి చూశాక ఇంక ఆగకూడదనిపించింది.

కొత్తపేట వైపు ఉంటాడు, క్యాబ్ నడుపుతాడు. పెట్రోల్, సీఎన్‌జీ రెండూ ఉన్న సెడాన్. వచ్చీ రాగానే, "అన్నా, బండి అమ్ముదామనుకుంటున్న. ఎంతకి పోతదో చూసి చెప్పు" అన్నాడు. ఏమైందన్నా అని అడిగితే, "బండి మిస్సింగ్ కొడుతోంది. ఒక షెడ్డుల చూపిస్తే ప్లగ్గులు మొత్తం ఆయిల్ల మునిగినయి, ఇంజిన్ బోర్‌కి వచ్చింది, అరవై వేలు అయితదన్నరు. ఇంకా పద్నాలుగు నెలల ఈఎంఐ ఉంది. అరవై వేలు యాడికెళ్లి తేవాలె?" అన్నాడు. నేను పొగ వస్తోందా అని అడిగాను, లేదన్నాడు. ఆయిల్ తగ్గుతోందా అంటే, సర్వీసుకి సర్వీసుకి మధ్య కొంచెం తగ్గుతోందన్నాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. కాయిల్స్ తీసి టార్చ్ వేసి చూశాం. రెండో గుంతలో, మూడో గుంతలో ఆయిల్ నిలిచి ఉంది. ప్లగ్గు తెల్ల పింగాణీ సగం దాకా మునిగిపోయింది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. "ప్లగ్గుకి ఆయిల్ వస్తోంది" అన్న ఒక్క మాటలో రెండు వేరు వేరు జబ్బులున్నాయి. ఒకటి ప్లగ్గు పైభాగానికి ఆయిల్ రావడం. అంటే కాయిల్ రబ్బరు తొడుగు కూర్చునే చోట, గుంతలో, మరల పైన. రెండోది ప్లగ్గు కింది మొనకి, అంటే నిప్పురవ్వ పుట్టే చోట ఆయిల్ అంటడం. మొదటిది ఇంజిన్ బయటి లీకు. పైనున్న టాపెట్ కవర్ నుంచి ఆయిల్ దిగుతుంది. సిలిండర్‌కి దానితో సంబంధం లేదు. రెండోది లోపలి లీకు. రింగులో, వాల్వ్ సీల్సో అరిగి ఆయిల్ మండే గదిలోకి పోతోందన్నమాట. రెండో దానికి పెద్ద పని పడొచ్చు. మొదటి దానికి పడేది కొన్ని రబ్బరు ముక్కలు, ఒక పూట పని.

ఆ రబ్బరు ముక్కలు ఎక్కడుంటాయో చెప్తాను. పాత మారుతి 800లో ప్లగ్గులు ఇంజిన్ హెడ్‌కి పక్కన ఉండేవి, బానెట్ ఎత్తితే కనిపించేవి. అందులో ఈ బాధ లేదు. తర్వాత వచ్చిన పదహారు వాల్వుల ఇంజిన్లలో సిలిండర్‌కి నాలుగు వాల్వులు, మధ్యలో ప్లగ్గు. కాబట్టి ప్లగ్గు హెడ్ నడిమధ్యకి, లోతైన బావిలాంటి గుంతలోకి వెళ్ళింది. ఆ బావి చుట్టూ క్యామ్ షాఫ్టులు తిరుగుతుంటాయి, వాటి మీద ఆయిల్ చిమ్ముతూనే ఉంటుంది. బావిలోకి ఆ ఆయిల్ దిగకుండా ఆపేది టాపెట్ కవర్ కింద గుండ్రంగా ఉండే ప్లగ్గు సీలు. కొన్ని బండ్లలో ఇవి కవర్‌లోకి నొక్కి కూర్చోబెట్టే విడి సీల్స్. కొన్నిటిలో కవర్ ప్యాకింగ్‌తోనే కలిసి వస్తాయి. ఇంకొన్నిటిలో బావి గోడే ఒక విడి గొట్టం, దాని అడుగున ఓ-రింగు ఉంటుంది. పై సీల్ మార్చినా లీకు ఆగకపోతే ఆ అడుగు రింగుని చూడాలి. అన్నట్టు హోండా సిటీ జెడ్‌ఎక్స్ ఐ-డీఎస్ఐ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లకి 8 ప్లగ్గులు. ఆ బండి ఇంకా నడుపుతున్నవాళ్ళు ఎనిమిదీ చూసుకోవాలి, ముందు కనిపించే నాలుగు చూసి వదిలేయకండి.

రబ్బరు ఎందుకు పోతుంది? వేడికి. ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి ప్లాస్టిక్‌లా అయిపోతుంది. పాత సీల్ తీసి వంచి చూడండి, పటుక్కున విరుగుతుంది. మన రూట్‌లో మెట్రో 2018 సెప్టెంబరులో వచ్చింది, నిజమే, కానీ కింద రోడ్డు మీద మే నెలలో ఏసీ వేసుకుని ఆగుతూ సాగుతూ పోయే క్యాబ్ పరిస్థితి వేరు. బండి కదిలితేనే కదా బానెట్ లోపలికి గాలి ఆడేది! దానికి తోడు పీసీవీ వాల్వ్ మూసుకుపోతే ఇంజిన్ లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ని తోస్తుంది. అందుకే సీల్స్ మార్చిన ప్రతిసారీ ఆ వాల్వ్ కూడా చూడాలి. చాలామంది చూడరు.

సరే, బయటి లీకేనా, లోపలిదా అన్నది ఎలా తేలుతుంది? గుంత శుభ్రం చేశాక ప్లగ్గు తీసి మొన చూడండి. ఎండిపోయి లేత గోధుమ రంగులో ఉంటే లోపల బాగున్నట్టే. మొన నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే అప్పుడు కంప్రెషన్ చెక్ చేయించండి. రీడింగ్ తక్కువ వచ్చిన సిలిండర్‌లో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలిస్తే, రీడింగ్ పెరిగిందంటే రింగుల మీద అనుమానం, పెరగలేదంటే వాల్వుల మీద. పొగ కూడా చెప్తుంది. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగులు. ఇవేవీ చూడకుండా గుంతలో ఆయిల్ ఒక్కటే చూసి బోర్ అంటే, మీరు ఒప్పుకోవద్దు. రీడింగ్ చూపించమని అడగండి. అడగడం మీ హక్కు, అందులో మెకానిక్‌ని అవమానించింది ఏమీ లేదు.

ఇంకో సంగతి. ప్లగ్గు పింగాణీ మీద, ఇనుప భాగం మొదలయ్యే చోట, గోధుమ రంగు మరక ఉంగరంలా కనిపిస్తుంది. ఇది చూసి ప్లగ్గులోంచి గ్యాస్ లీకవుతోందంటారు. కాదండి. ఎక్కువ వోల్టేజీకి గాల్లోని ఆయిల్ తుంపర్లు అక్కడ అంటుకుని ఏర్పడే మరక అది. దానివల్ల నష్టం లేదు.

మరి ఆయిల్ వల్ల మిస్సింగ్ ఎందుకొస్తుంది? ఆయిల్‌కి కరెంటు షాక్ కొడుతుందని కొందరు చెప్తారు. శుభ్రమైన ఆయిల్ అసలు కరెంటుని పోనివ్వదు. జరిగేది వేరే. వేడి ఆయిల్‌లో నానిన కాయిల్ తొడుగు రబ్బరు ఉబ్బి మెత్తబడి పగుళ్ళు తీస్తుంది. ఆ పగులులోంచి వేల వోల్టుల కరెంటు కిందికి ప్లగ్గు మొనకి పోకుండా పక్కనున్న ఇనుముకి దూకేస్తుంది. పింగాణీ మీద సన్నని నల్ల గీత పడుతుంది, అదే కరెంటు వేసుకున్న దారి. ఆ గీత ఉంటే ప్లగ్గు, తొడుగు రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని మళ్ళీ చెడగొడుతుంది. సీఎన్‌జీ మీద నిప్పురవ్వ పుట్టడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే మన క్యాబ్ అన్న బండి పెట్రోల్ మీద పర్వాలేదనిపించి, గ్యాస్ మీద జర్క్ ఇచ్చేది. గ్యాస్ కిట్ పోయిందని దానికి కూడా ముందు కొంత ఖర్చు పెట్టాడంట, పాపం.

చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం అలాగే నడపకండి. మండని పెట్రోల్ పోయి సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, లోపలి తేనెపట్టులాంటి జల్లెడ కరిగిపోతుంది. దాని ధర ముందు ఈ సీల్స్ ధర లెక్కలోకే రాదు.

ఇప్పుడు పని. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. ఇది మాట వరసకి అనడం లేదు, అల్యూమినియం హెడ్‌లోంచి వేడి మీద ప్లగ్గు తిప్పితే మరలు పోతాయి. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి తీయాలి, వైరు పట్టి లాగకూడదు. కాయిల్‌ని కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి.

ఇక్కడ ఆగండి. ప్లగ్గుని ఇప్పుడే తీయకండి. నేను ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో, తొందరపడి గుంతలో ఆయిల్ ఉండగానే ప్లగ్గు విప్పాను. ఆయిల్ మొత్తం సిలిండర్‌లోకి జారింది. కొంచెమైతే మండి పొగ వచ్చి పోతుంది. ఎక్కువ పడితే పిస్టన్‌కి నలిపే చోటు లేక కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. ఆరోజు ఉస్తాద్ ప్లగ్గులన్నీ తీయించి, గుడ్డ కప్పి, ఇంజిన్ తిప్పి ఆయిల్ బయటికి కొట్టించాడు. ఆయన తిట్టిన తిట్లు ఈ వీడియోలో చెప్పేవి కావు.

కాబట్టి ముందు మెడికల్ షాపులో పెద్ద సిరంజీ కొనండి, ముందు సన్న గొట్టం తొడగండి, ఆయిల్ పీల్చేయండి. మిగిలింది పొడవాటి కడ్డీకి గుడ్డ చుట్టి తుడవండి, కళ్ళద్దాలు పెట్టుకుని గాలి కొట్టండి. పెట్రోల్ పోసి మాత్రం కడగొద్దు. ప్లగ్గులు లోపలే ఉండనిచ్చి, టాపెట్ కవర్ బోల్టులు చివరల నుంచి మధ్యకి కొంచెం కొంచెంగా వదులు చేసి కవర్ ఎత్తండి. పాత సీల్స్‌ని గీత పడకుండా పీకాలి. కొత్తవాటి అంచుకి కాస్త ఇంజిన్ ఆయిల్ రాసి, సరిపోయే సాకెట్ పెట్టి నిటారుగా నొక్కాలి. ఏ వైపు పైకో పాతది తీసేటప్పుడే ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

గమ్ విషయం. ప్యాకింగ్ మొత్తం చుట్టూ సిలికాన్ పూసేస్తారు కొందరు. అది తప్పు. రబ్బరు జారి పక్కకి పోతుంది, పైగా పిండుకుని లోపల పడిన ముక్కలు ఆయిల్ దారుల్లో అడ్డం పడతాయి. టైమింగ్ కవర్, హెడ్ కలిసే మూలల్లో చిన్న చుక్క చాలు, అదీ కంపెనీ మాన్యువల్ పెట్టమన్న చోటే. బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా. ఈ బోల్టులకి చాలా బండ్లలో 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే చెప్తారు. పెద్ద పానాతో బలం చూపిస్తే ప్లాస్టిక్ కవర్ వంగుతుంది, ఇక ఏ సీల్ వేసినా లీకు ఆగదు. ప్లగ్గుని ముందు చేత్తోనే తిప్పాలి. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గు అయితే కూర్చున్నాక అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. వాషర్ లేని, ఏటవాలు సీటు రకమైతే చుట్టులో పదహారో వంతే.

గుంతలో ఆయిల్ కాక నీళ్ళు కనిపిస్తే అది వేరే కథ. 2020 అక్టోబరు వానలకి సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో, మన చైతన్యపురి వైపు కూడా, బండ్లు మునిగినప్పుడు ఇలాంటివి చాలా చూశాం. మామూలు రోజుల్లో అయితే ప్రెషర్ వాటర్‌తో ఇంజిన్ కడిగించడమే కారణం. ప్లగ్గు షట్కోణం మీద తుప్పు కనిపిస్తే నీళ్ళని అర్థం.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కింద ఒక మేడమ్ బండికి మిస్సింగ్ వస్తే కాయిల్, ప్లగ్గు మార్చి పంపించాను. గుంతలో తడి కనిపించింది, తుడిచాను, సీల్ మార్చాలని చెప్పలేదు. రెండు నెలలకి అదే సిలిండర్, అదే మిస్సింగ్. ఆమె ఏమీ అనలేదు గానీ నాకే సిగ్గేసింది. రెండోసారి పనికి డబ్బులు తీసుకోలేదు.

మన క్యాబ్ అన్న బండికి కంప్రెషన్ చూశాం. నాలుగు సిలిండర్లూ దాదాపు ఒకేలా వచ్చాయి. ప్యాకింగ్, నాలుగు ప్లగ్గు సీల్స్, నాలుగు ప్లగ్గులు, రెండు కాయిల్ తొడుగులు, పీసీవీ వాల్వ్ వేశాం. లేబర్‌తో కలిపి అంతా ఐదు వేల లోపే. రీడింగులు కాగితం మీద రాసిస్తే మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇంట్లో చూపిస్తానన్నాడు. వారం తర్వాత రమ్మన్నాను, వచ్చాడు. కాయిల్స్ తీసి తెల్ల గుడ్డ దింపి చూశాం, పొడిగా వచ్చింది. "ఇంక అమ్మనన్నా" అని, ఎయిర్‌పోర్ట్ ట్రిప్పు ఉందని చాయ్ కూడా తాగకుండా పోయాడు.

మీ బండిది ఏ మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, పొగ ఉందా లేదా, ఇవి రాసి అడగండి, తెలిసినంత చెప్తాను. పీసీవీ వాల్వ్ ఇంట్లోనే ఎలా చూసుకోవాలో వచ్చే ఎపిసోడ్‌లో బండి మీదే చేసి చూపిస్తాను. ఉంటానండి.